రాత్రివేళ ఏరేటర్లు ఎందుకు ఆపరు?

ప్రశ్న: మా నాన్నగారు రొయ్యల సాగు చేస్తారు. పగలు కొన్ని ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపినా రాత్రిపూట మాత్రం ఆపనివ్వరు. ఎండలు ముదిరితే మరీ జాగ్రత్త పడతారు. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయని మేము చదువుకున్న దానికీ దీనికీ సంబంధం ఉందా? ఇది జీవశాస్త్రమా, భౌతికశాస్త్రమా?
– పదో తరగతి విద్యార్థిని, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా

జవాబు: సంబంధం ఉంది కానీ, ముందుగా ఆ వాక్యాన్ని సరిచేసుకోవాలి. శ్వాసక్రియ రాత్రికి పరిమితం కాదు, మొక్కల్లోనూ 24 గంటలూ జరుగుతుంది. పగటి వెలుతురులో విడుదలయ్యే ఆక్సిజన్ శ్వాసకు ఖర్చయ్యేదానికంటే ఎక్కువ కనుక మిగులు ఒక్కటే పైకి కనిపిస్తుంది. ఈ పొరపాటు చాలామందిని ఇంటర్ దాకా వదలదు.

మీ గుంటలో నీటికి పచ్చదనం తెచ్చే వృక్షప్లవకాలదీ (నీటిలో తేలే కంటికి కనిపించనంత చిన్న శైవలాలు) ఇదే లెక్క. పొద్దు గుంకగానే ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది. ప్లవకాలు, రొయ్యలు, అడుగున మిగిలిన మేతను కుళ్లబెట్టే బ్యాక్టీరియా మాత్రం దానిని వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల మీ నాన్నగారు డీవో అని చెప్పే అంకె, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ (డిజాల్వ్‌డ్ ఆక్సిజన్) కొలత, తెల్లవారుజామున బాగా పడిపోతుంది, రొయ్యలు నీటిపైకి తేలేది కూడా సాధారణంగా ఆ వేళలోనే. రాత్రంతా పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఉదయం తగ్గి, పగలు ప్లవకాలు ఆ వాయువును వాడుకోవడంతో సాయంత్రానికి పెరుగుతుంది. రెండు పూటలా కొలిచి రాసుకునే పుస్తకం ఇంట్లో ఉంటే ఒకసారి తిరగేయండి.

వేసవి సంగతికి వస్తే భౌతికశాస్త్రం తోడవుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో వాయువులు తక్కువగా కరుగుతాయి: లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే, ఉప్పునీటిలో ఇంకా తక్కువ. అదే వేడికి రొయ్యల శ్వాసక్రియ వేగం పుంజుకుంటుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగినట్టన్నమాట.

ఇక ఏరేటర్ పని వ్యాపనానికి సాయపడటం. ఆక్సిజన్ గాలిలోకంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కాబట్టి, నిలకడ నీటిలో అది అడుగు దాకా చేరదు. రెక్కలు నీటిని తుంపరలుగా ఎగజిమ్మి గాలికి తగిలే వైశాల్యాన్ని పెంచుతాయి, అడుగు నీటిని కలియదిప్పుతాయి. అయితే వ్యాపనం ఎప్పుడూ ఎక్కువ నుంచి తక్కువ వైపే సాగుతుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం ప్లవకాల వల్ల ఆక్సిజన్ సంతృప్త స్థాయిని (గాలితో సమతుల్యంలో నీరు పట్టి ఉంచుకోగల మోతాదును) దాటితే, అదే ఏరేటర్ దానిని గాలిలోకి వదిలేస్తుంది.