నాయనమ్మ ప్రార్థనలో మా పల్లెలో ఒక్క ఇల్లూ తప్పిపోయేది కాదు

ఐదు నిమిషాలకే నా మాటలు అయిపోతున్నాయి, మా సంఘంలో పెద్దవాళ్ళు గంటసేపు ప్రార్థన చేస్తారు, నేను ప్రార్థనలో ఎలా ఎదగాలి అని అడిగారు కదా. ఐదు నిమిషాల్లో అయిపోయేవి మన సొంత అవసరాల మాటలు. ఎవరికైనా అంతే. నా ఉద్యోగం, నా పిల్లలు, నా ఆరోగ్యం, ఆమెన్. మిగతా ప్రార్థన పక్కింటి దగ్గర మొదలవుతుంది. ఇది నేను మా నాయనమ్మ పక్కన పడుకుని నేర్చుకున్నాను.

మాది ఒంగోలు దగ్గర ఊరు. నాయనమ్మకు చదువు రాదు. పదో తరగతి దాకా నేను ఆమె మంచం మీదే పడుకునేదాన్ని. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తల మీద కొంగు కప్పుకుని, మంచం అంచున కూర్చుని పల్లె మొత్తం వరసగా తిరిగి వచ్చేది, కళ్ళు మూసుకునే. గుడి పక్క ఇంటితో మొదలు. తర్వాత బోరింగు దగ్గర ఇల్లు, ఆ తర్వాత టైలరు వాళ్ళు. ఇంటికి ఒకటి రెండు మాటలు. "టైలరు పెద్దమ్మాయికి ఏడో నెల తండ్రీ, కాన్పు తేలిగ్గా కావాలి." "మేస్త్రి మళ్ళీ తాగుతున్నాడయ్యా, ఆ పిల్ల ఏడుపు నీకు వినపడట్లేదా?" అరవై ఇళ్ళు పూర్తయ్యేసరికి దాదాపు గంట పట్టేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వెనకింటి వాళ్ళతో మురుగు కాలవ దగ్గర గొడవైంది. వాళ్ళు కేసు పెట్టారు. మా నాన్న ఒక రాత్రంతా స్టేషన్‌లో కూర్చోవాల్సి వచ్చింది. మర్నాడు నాలుగింటికి నాకూ మెలకువ వచ్చింది. ఆ ఇల్లు వదిలేస్తుందా, లేక శపిస్తుందా అని చెవులు రిక్కించి విన్నాను. వరసలో ఆ ఇల్లు వచ్చింది. నాయనమ్మ ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. చివరికి "ప్రభువా" అని ఒక్క మాట అని తర్వాతి ఇంటికి వెళ్ళిపోయింది. రెండు నెలలు ఇలాగే సాగింది. ఆ ఇంటి దగ్గరికి రాగానే ఆగడం, "ప్రభువా" అనడం, ముందుకు వెళ్ళడం.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా వాళ్ళ పిల్లాడికి డెంగ్యూ వచ్చి గుంటూరు తీసుకెళ్ళారు. ఆ తెల్లవారి నాయనమ్మ అక్కడ ఆగి, "ప్రభువా" అని, మళ్ళీ ఆగింది. గొంతు మారింది. "ఆ పిల్లోడికి రక్తకణాలు పడిపోయినయ్యంట తండ్రీ. వాడు నా మనవడే అనుకో." ఇక అక్కడి నుంచి వేరే ఇంటికి కదల్లేదు. తెల్లారేదాకా వాడి గురించే అడిగింది. పిల్లాడు బతికాడు. కేసు మాత్రం ఇంకో రెండేళ్ళు నడిచింది, ఆ కాలవ తగాదా ఇప్పటికీ తీరలేదు. కానీ ప్రార్థనలో ఎదగడం అనే మాట విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ రెండు నెలలే. అప్పటికే ఆమెకు డెబ్బై దాటాయి. ఆ వయసులో ఆమె ఎదగడం నేను చెవులతో విన్నాను.

ఇక భాష సంగతి. మీకు మాటలు రాకపోవడానికి సగం కారణం అదే అని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో "అన్నం తిన్నావా" అని మాట్లాడుకునేవాళ్ళం, కళ్ళు మూసుకోగానే "నీ పాదసన్నిధికి వచ్చియున్నాము, కృపాకనికరములు గల దేవా" అని మొదలుపెడతాం. అది వందేళ్ళ నాటి బైబిలు తెలుగు. వినడానికి ఎంతో బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఆ భాషలో మేస్త్రి తాగుడు గురించి ఎలా చెప్తాం? యేసు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన ఒక్క వాక్యం. ప్రభువు నేర్పిన ప్రార్థన నిమిషం కూడా పట్టదు. గంటసేపు మైకులో చేసే ప్రార్థనలతో మీది పోల్చుకోకండి. వాటిలో చాలాభాగం దేవుడికి కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళకు చెప్పేదే. వాట్సాప్ గ్రూపులో ఎవరో జబ్బు గురించి పెడితే చేతులు జోడించిన బొమ్మ పెట్టేసి మర్చిపోవడం కూడా నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆ మనిషి పేరు ఒక్కసారి నోటితో పలికితే ఏం పోతుంది?

ఒంగోలు వెళ్ళినప్పుడల్లా నాయనమ్మ కొండ చూపించి చెప్పేది. అప్పట్లో నెల్లూరు బాప్టిస్టు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఆలోచిస్తున్నారు. 1854 జనవరి 1న పొద్దుపొడిచే వేళ ఆ మిషన్‌లో పనిచేసే అమెరికా మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. వాళ్ళు అడిగిన ఆ సేవకుడు, క్లౌ దొర అనే మిషనరీ, ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ పెద్ద అంకె చెప్తారు. నాకు ఆ పన్నెండేళ్ళ మీదే మనసు. అన్నేళ్ళూ ఎవరో ఒకరు రోజూ ఒంగోలు పేరు పలికే ఉంటారు.

పెళ్ళయ్యి హైదరాబాద్ వచ్చాక మూడేళ్ళు నాకూ ప్రార్థన ఎండిపోయింది. మోకరిస్తే నిద్ర, లేకపోతే ఆఫీసు టెన్షన్. ఒకరోజు నాయనమ్మ వరస గుర్తొచ్చి మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తు నుంచి మొదలుపెట్టాను. వాచ్‌మన్ కుటుంబం, 101లో ఒంటరిగా ఉండే పెద్దాయన, 103లో పరీక్షలు రాసే అమ్మాయి. రెండు రోజులకే తెలిసిపోయింది, సగం మంది గురించి దేవుడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని. అప్పటి నుంచి లిఫ్టులో ఆగి పలకరిస్తున్నాను. ఇప్పుడు నాలుగో అంతస్తు దాకా వచ్చాను. 404 వాళ్ళ పేర్లు ఇంకా తెలియవు. అక్కడికి రాగానే "ప్రభువా" అని ఆగుతున్నాను. ఈ ఆదివారం గుడి నుంచి వచ్చాక తలుపు కొట్టాలి.