యాంకర్ కాబోతున్న మేనకోడలికి

చిట్టీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. రామంతాపూర్ దూరదర్శన్‌లో ఆడిషన్ నెగ్గావని, పిల్లల జానపద పాటల పోటీకి నిన్నే యాంకర్‌గా తీసుకున్నారని చెబుతుంటే వాడి గొంతు వణికింది. నాకూ కళ్ళు చెమర్చాయి. మన ఇంట్లో మైకు పట్టుకుని నలుగురి ముందు నిలబడ్డ ఆడపిల్ల నీకు ముందు లేదు. నేను అన్నేళ్ళు స్టూడియోలో పనిచేసినా కెమెరాకి ఇవతలే ఉండిపోయాను.

అంతలో ఫోన్ మీ తమ్ముడు లాక్కున్నాడు. "అత్తా, నా పేరు మీద ఈవెంట్స్ కంపెనీ పెడుతున్నా. అక్క షో మొదలయ్యేలోగా కార్డులు కొట్టిస్తా. షాపు ఓపెనింగులు, సంగీత్ ఫంక్షన్లు అన్నీ నేనే చూసుకుంటా" అన్నాడు. పాపం, అక్కకి సాయం చేస్తున్నాననే అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు, నాకు తెలుసు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పిలిచిన టైముకి అరగంట ముందే ఉండు, ఉప్పల్ రోడ్డు ట్రాఫిక్ మీద నెపం పెట్టకు. పిల్లల పేర్లు, ఊళ్ళ పేర్లు వాళ్ళ నోటే విని రాసుకో. ఊరి పేరు తప్పు పలికితే ఆ ఊళ్ళో అందరూ చిన్నబుచ్చుకుంటారు. మేకప్ వాళ్ళనీ లైట్ల వాళ్ళనీ పేరు పెట్టి, మర్యాదగా పిలువు. షూటింగ్ రోజు పెరుగన్నం తినకుండా వెళ్ళకు. ఇక మిగతాదంతా నీకు సహజంగానే వచ్చు, చిన్నప్పుడు బతుకమ్మ దగ్గర నువ్వు పాట అందుకుంటే పెద్దవాళ్ళు ఆగి వినేవాళ్ళు.

నాకున్న భయమంతా డబ్బు గురించే. నీకు సరిగ్గా ఇవ్వరని కాదు. నీకు రాకూడని చోటు నుంచి వస్తుందని.

మా చిన్నప్పుడు మీ తాతయ్య ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి రేడియోకి లైసెన్స్ డబ్బు కట్టి వచ్చేవాడు. చిన్న పుస్తకం ఉండేది, అందులో స్టాంపులు అంటించి ముద్ర వేసేవాళ్ళు. ఆ పుస్తకాన్ని భూమి కాగితాలతో పాటు పెట్టెలో దాచేవాడు. వార్తల్లో ఏదైనా తప్పు దొర్లితే "మన డబ్బుతో చదువుతూ ఇదేం చదవడం" అని కోప్పడేవాడు. రేడియో, టీవీల లైసెన్సులు 1985లో ఎత్తేశారు. అయినా దూరదర్శన్ జనం డబ్బుతోనే నడుస్తోంది. ప్రకటనల ఆదాయం కొంత ఉన్నా, దాన్ని నడిపే ప్రసార భారతికి కేంద్రం బడ్జెట్ నుంచి ఏటా గ్రాంటు ఇవ్వాల్సిందే. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా, అక్కడ నిలబడి మాట్లాడే ప్రతి మనిషి ముఖమూ జనం ఖర్చుతోనే జనానికి పరిచయమైంది. నీ ముఖానికి రేపు వచ్చే విలువలో సగం నీ కష్టం, సగం వాళ్ళది. ఆ సగాన్ని పక్కదారిలో అమ్ముకోవడం మీద నాకు అంత పట్టింపు ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను పనిచేసిన స్టూడియో వేరే ఊళ్ళోది, అదీ ప్రభుత్వ ఖర్చుతో నడిచేదే. అక్కడ ఒకావిడ యాంకర్. పేరు రాయను. ఆవిడ నవ్వితే కెమెరామన్ కూడా నవ్వేవాడు. ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి, నేనే విప్పి సర్దేదాన్ని. కట్టుకోవడానికి ఆవిడ దగ్గర మంచి చీరలు నాలుగే ఉండేవి, వాటినే మార్చి మార్చి కట్టేది. అది చూసి ఒక చీరల దుకాణం వాళ్ళు ఎపిసోడ్‌కి ఒక చీర పంపడం మొదలుపెట్టారు. కార్యక్రమం చివర వాళ్ళ పేరు వేశాం, షూటింగ్ కాగానే చీర తిరిగి పంపేశాం. అంతవరకూ అందరికీ తెలిసి జరిగింది, అందులో తప్పేమీ లేదు.

తర్వాత చీరలు తిరిగి వెళ్ళడం మానేశాయి. "మేడమ్ గారిని ఉంచుకోమన్నారు" అని దుకాణం కుర్రాడే చెప్పేవాడు. ఆ తర్వాత ఆవిడ భర్త రంగంలోకి దిగాడు. పండగ ఎపిసోడ్‌లో చీర పల్లూ కెమెరాకి కనిపించేలా తిప్పినందుకు దుకాణం నుంచి విడిగా డబ్బు తీసుకున్నాడు. మిఠాయి కొట్టు వాళ్ళూ, స్టీలు సామాన్ల వాళ్ళూ కూడా ఆయన దగ్గరికే రావడం మొదలుపెట్టారు. స్టూడియో ఖాతాలో జమ కావాల్సిన ప్రకటన డబ్బు వాళ్ళింటి బీరువాలోకి వెళ్ళింది. ఆవిడ మాత్రం "అవన్నీ మావారే చూసుకుంటారు, నాకు టెన్షన్ లేదు" అనేది. నిజంగానే అలా నమ్మిందని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పుడు పిల్లల పాటల పోటీ పెట్టారు. ఆవిడే యాంకర్. ప్రవేశానికి పైసా కట్టక్కర్లేదు, పోస్ట్‌కార్డు రాస్తే చాలు. ఒకరోజు గేటు దగ్గర ఒకాయన, పక్కన పది పన్నెండేళ్ళ కూతురు. పిల్ల తలకి నూనె రాసి, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టారు. ఆయన జేబులోంచి మడతపెట్టిన గులాబీ రంగు రసీదు తీసి "అమ్మా, ఇది ఎక్కడ చూపించాలి?" అని నన్ను అడిగాడు. విప్పి చూశాను. పైన మా కార్యక్రమం పేరు అచ్చు వేసి ఉంది. కింద "శిక్షణ రుసుము" అని చేత్తో రాసిన అంకె, ఆవిడ భర్త సంతకం. వాళ్ళింటి మేడ మీద శిక్షణ తరగతి నడుపుతున్నాడట. అక్కడ చేరితేనే టీవీలో పాడనిస్తారని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారట. ఆయన కౌలు రైతు. ఆ రసీదుని ప్రవేశ టికెట్ అనుకుని అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చాడు. ఆ రోజు ఆ పిల్ల పేరు జాబితాలో లేనే లేదు.

ఆ పిల్ల నా వైపు చూడలేదు, కాళ్ళ వైపే చూస్తూ నిలబడింది. నేను మా ఆఫీసర్ దగ్గరికి తీసుకెళ్ళాను. విచారణ జరిగింది, వాంగ్మూలాలు రాసుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆవిడ "నాకు తెలియదు" అన్న మాట ఎన్నిసార్లు అందో, అన్నిసార్లూ రాశాను. ఆ మాట ఎవరూ నమ్మలేదు. నమ్మినా ఉపయోగం లేదు, రసీదు మీద ఉన్నది కార్యక్రమం పేరు, జనం చూసింది ఆవిడ ముఖం. పోటీలో నిజంగా బాగా పాడి గెలిచిన పిల్లల్ని కూడా "డబ్బు కట్టి గెలిచారు" అన్నారు చూడు, అది నన్ను అన్నిటికంటే కోసింది. ఆవిణ్ణి తీసేశాక కూడా ఉత్తరాలు ఆగలేదు. "మా అక్కయ్యకి ఒంట్లో బాగాలేదా?" అని రాసేవాళ్ళు. జవాబు రాయొద్దని మాకు ఆర్డరు. అవన్నీ కట్టలు కట్టి గదిలో పెట్టాం.

ఇది పాతకాలం కథ అనుకోకు. ఐర్లాండ్‌లో ఆర్‌టీఈ అని, ఇంటింటి నుంచి ఏడాదికి 160 యూరోల లైసెన్స్ ఫీజుతో, ప్రకటనలతో నడిచే ఛానల్ ఉంది. వాళ్ళ శుక్రవారం రాత్రి వినోద కార్యక్రమం యాంకర్‌కి 2017 నుంచి 2022 వరకు, బయటికి ప్రకటించిన దానికంటే 3,45,000 యూరోలు ఎక్కువ ఇచ్చారని 2023 జూన్‌లో ఛానలే ఒప్పుకుంది. అందులో ఒక భాగం స్పాన్సర్ కార్ల కంపెనీ కార్యక్రమాల్లో కనిపించినందుకు, ఏడాదికి 75,000 యూరోల చొప్పున. కంపెనీ ఇస్తున్నట్టు పెట్టిన ఆ డబ్బు చివరికి ఛానల్ నెత్తినే పడింది. డైరెక్టర్ జనరల్ రాజీనామా చేసింది. చాలామంది లైసెన్స్ ఫీజు కట్టడమే మానేశారు. లెక్క తప్పుగా చూపింది ఛానల్, అయినా ఆ యాంకర్‌ని రేడియో కార్యక్రమానికి కూడా మళ్ళీ తీసుకోలేదు. జర్మనీలో ఇంకో పెద్ద వినోద కార్యక్రమం మీద 2013లో డెర్ ష్పీగెల్ పత్రిక కథనం రాసింది. యాంకర్ తమ్ముడి కంపెనీ, కార్యక్రమంలో వస్తువులు కనిపించడం గురించి కంపెనీలతో ఒప్పందాలు చేసుకుందని. ఆ కార్యక్రమం వేసే జెడ్‌డీఎఫ్ ఛానల్ తప్పేం జరగలేదని చెప్పింది. ఏది నిజమో వాళ్ళకే తెలియాలి కానీ, తమ్ముడి కంపెనీ అన్న మాట చదివినప్పుడు నాకు గేటు దగ్గరి ఆ తండ్రే గుర్తొచ్చాడు.

అందుకే నీ తమ్ముడి మీద కోపం వచ్చింది. వాడు చెడ్డవాడు కాదు. కానీ నువ్వు యాంకరింగ్ చేస్తూ వాడు బేరాలు చేస్తుంటే, రేపు కూకట్‌పల్లిలో ఒక షాపు వాడు "మా పాపని పోటీలో పాడిస్తే ఓపెనింగ్‌కి రెట్టింపు ఇస్తాం" అంటాడు. తమ్ముడు నీకు చెప్పకుండానే సరే అనొచ్చు, అక్కకి మంచే చేస్తున్నాననుకుంటూ. వాణ్ణి ఈవెంట్లు చేసుకోమను, నీ పేరు లేకుండా, కార్యక్రమం పేరు అసలే లేకుండా.

నువ్వు బయట సంపాదించుకోవద్దని నేననను. ఎపిసోడ్‌కి ఇంతని ఇచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు, ఆ సంగతి నాకు తెలుసు. కాకపోతే పద్ధతిగా అడుగు. సంతకం పెట్టే ముందు ఒప్పందంలో బయటి పనుల గురించి ఏముందో చదువు. ఏమీ లేకపోతే ఒక ఉత్తరం రాసి, జవాబు కూడా కాగితం మీదే తీసుకో. నోటి అనుమతి ఇచ్చిన ఆఫీసర్ బదిలీ అయిపోతాడు. పోటీలో ఉన్న పిల్లల తల్లిదండ్రుల దగ్గర కొబ్బరికాయ కూడా తీసుకోకు. చీర వస్తే స్టూడియో రిజిస్టర్‌లో రాయించి, తిరిగి పంపిన తేదీ కూడా వేయించు. ఇన్‌స్టాలో ఏదైనా వస్తువు గురించి చెబితే అది ప్రకటన అని స్పష్టంగా కనిపించేలా రాయి. 2023 జనవరిలో వినియోగదారుల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఉచితంగా వచ్చిన వస్తువుకీ అదే రూలు. తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటిస్తే మొదటిసారి 10 లక్షలు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఇచ్చిన వస్తువు ఉంచేసుకుంటే, ఏడాదిలో వాటి విలువ 20,000 దాటితే ఇచ్చినవాళ్ళు దాని మీద ముందే పన్ను (టీడీఎస్) కూడా పట్టుకోవాలి, 2022 జూలై నుంచి. ఇవి చూసి భయపడకు, ఒక నోటుబుక్కు పెట్టుకుంటే సరిపోతుంది. ఎవరు ఇచ్చారు, ఏమిచ్చారు, ఎప్పుడు తిరిగి ఇచ్చావు. ప్రతి నెలా ఒకసారి నాకు చూపించు. అలిగినా సరే చూపించాల్సిందే.

తిట్టినట్టుందా? కొంచెం తిట్టాను. నువ్వు నా చేతుల్లో పెరిగినదానివి. ఏదో ఒక రోజు నీ ముందు ఎవరో కాగితం పెట్టి ప్రశ్నలు అడుగుతుంటే, నువ్వు "నాకు తెలియదు" అంటూ కూర్చోవడం నేను తట్టుకోలేను.

ఆదివారం నల్లకుంట రా. ఒప్పందం కాగితం తీసుకురా, తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని రా. వాడితో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలోకి రాకు. నా గద్వాల చీరలు, రెండు పోచంపల్లి చీరలు ఇస్త్రీకి ఇస్తున్నాను. తెల్లవి, సన్నగీతలవి ఇవ్వను, అవి కెమెరాలో మెరిసిపోయి బాగుండవు. మొదటి నెల వీటితో గడిచిపోతుంది. జాకెట్లు కుట్టించుకోవాలి కాబట్టి నీకు సరిపోయే జాకెట్ ఒకటి కొలతకి తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య