తిరుపతి ఎండకు తట్టుకునే, రంగున్న సాధువైన టరాంటులా ఏది?

మాది తిరుపతే, బైరాగిపట్టెడ. తొమ్మిదేళ్లుగా ఒక మెక్సికన్ రెడ్‌నీని, అంటే ఎర్ర కీళ్లున్న టరాంటులా జాతి పెద్ద సాలీడుని పెంచుతున్నాను. రంగు బాగుండి, సాధువుగా ఉండేది కావాలని మీరు అడిగారు కాబట్టి నా మాట కూడా రెడ్‌నీయే. నల్లటి ఒళ్లు, కాళ్ల కీళ్ల దగ్గర నిప్పు కణికల్లాంటి ఎరుపు. నడక నిదానం. చిరాకు పడితే చాలాసార్లు కరవదు, వెనక కాళ్లతో పొట్ట మీది నూగు రాలుస్తుంది. ఆ నూగు ఒంటికి తగిలితే దురద, కంట్లో పడితే మాత్రం ప్రమాదం. పెట్టె సర్దిన చేత్తో కళ్లు నలుపుకోవద్దు. ఆడదాన్నే అడిగి తీసుకోండి, ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. మగది ఈడుకొచ్చాక ఎక్కువ కాలం ఉండదు.

మన గుత్తి పేరున్న నీలి సాలీడు మీద చాలామందికి మోజు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో అది మొదట దొరికింది. ఇప్పుడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కొద్దిగా మిగిలింది. దయచేసి దాని జోలికి పోవద్దు. అది మెరుపులా పరిగెడుతుంది, కరిస్తే నొప్పి, కండరాలు పట్టేయడం తప్పదు. అన్నిటికంటే ముఖ్యం, అడవిలో ఉన్న ఆ కొన్నింటినీ మనం ఇళ్లలోకి తెచ్చుకోకూడదు.

రెడ్‌నీ కూడా సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉంది. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు చూపించనివాళ్ల దగ్గర కొనవద్దు.

పెట్టె ఎత్తు తక్కువుండాలి. నడుమంత ఎత్తు నుంచి పడినా పొట్ట పగిలి చచ్చిపోతుంది, అందుకే నేను చేతిలోకి తీసుకోను. అడుగున నాలుగైదు అంగుళాల కొబ్బరి పొట్టు, దాక్కోవడానికి ఒక కుండపెంకు, చిన్న నీళ్ల గిన్నె చాలు. వారానికో పది రోజులకో ఒక కీచురాయి వేస్తాను. వంటింటి బొద్దింకను వేయకండి, అది ఏ మందు తిని వచ్చిందో తెలియదు. ఆ గదిలో దోమల బత్తి, స్ప్రే ఏదీ వాడకండి.

రెండో ఏడు మా రెడ్‌నీ మూడు వారాలు ఏమీ తినలేదు. ఒక పొద్దున చూస్తే వెల్లకిలా పడి ఉంది. "చచ్చిపోయింది, బయట పారెయ్" అంది అమ్మ. పుల్లతో కదిలించబోయి ఆగాను. సాయంత్రానికి పక్కన ఎర్ర కీళ్లతో సహా కుబుసం, దాని పక్కనే తళతళలాడుతూ మా సాలీడు, కోరలు పాలలా తెల్లగా! అవి నల్లబడి గట్టిపడేదాకా తిండి పెట్టకూడదు. మిగిలిన కీచురాయి ఉంటే తీసేయాలి, ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడు అదే దీన్ని కొరుకుతుంది.

ఇక ఎండ. దీనికి 24 నుంచి 28 డిగ్రీలు హాయి. మన దగ్గర మే నెలలో బయట 40 దాటుతుంది. మొదటి వేసవిలో మిద్దె మీది గదిలో ఉంచాను, మధ్యాహ్నానికి నీళ్ల గిన్నె మీద వాలిపోయి కదలకుండా పడి ఉంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి మార్చి మొదలుకాగానే కింది వాటాలో లోపలి గదిలో నేల మీదికి దించేస్తాను. మట్టిని ఒక మూల మాత్రం తడుపుతాను, అంతటా తడిపితే బూజు పడుతుంది. మీది పై అంతస్తు అయితే, కింద చల్లటి చోటు ఒకటి చూసుకున్నాకే తెచ్చుకోండి.