అమెరికాలో పక్క కౌంటీ రైతుకు ప్రభుత్వ డబ్బు పడి, మనకు పడకపోవడం ఎందుకు?

మీరు అడిగింది ఏఆర్‌సీ కౌంటీ పథకం (పంట ఆదాయం పడిపోతే రైతులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) గురించి అయితే, అది మీ పొలాన్ని చూడదు, కౌంటీ (జిల్లా లాంటిది) మొత్తాన్ని చూస్తుంది. గత ఐదేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ, తక్కువ అంకెలు తీసేసి సగటు ఆదాయం కడతారు. 2018 వ్యవసాయ చట్టం ప్రకారం కౌంటీ ఆదాయం అందులో 86 శాతం కంటే కిందకు పడిపోతేనే చెల్లింపు. 2025లో దాన్ని 90 చేశారు. ధర దేశమంతటా ఒకటే, కాబట్టి తేడా అంతా దిగుబడిలోనే. వడగళ్లకు మీ మొక్కజొన్న నేలమట్టమైనా, కౌంటీలో మిగతావాళ్లకు బాగా పండితే మీకు పైసా రాదు. దానికి పంట బీమా వేరే ఉండాల్సిందే. రోడ్డవతల కౌంటీ ఆయనకు పంట బాగున్నా డబ్బు పడొచ్చు! ఇంకో తిరకాసు: లెక్క ఇప్పుడు వేసిన ఎకరాలకు కాదు, పాత రికార్డుల్లోని బేస్ ఎకరాలకు, అందులోనూ 85 శాతానికే. ఈ ఏడాది పంటకు సొమ్ము వచ్చే ఏడాది అక్టోబరు దాకా రాదు.