బ్లీచింగ్ వాసన వచ్చే నీళ్లు తాగవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక చిన్న పట్టణం. కొళాయి నీళ్లు ఉదయం గంటసేపు, సాయంత్రం గంటసేపు వస్తాయి. బ్లీచింగ్ వాసన వచ్చిన రోజు మా అత్తగారు ఆ నీళ్లు మొక్కలకు పోయించి, వాసన లేని రోజు పట్టినవే తాగడానికి ఉంచుతున్నారు. మొన్నటి వానలకు మా వీధి పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఏ నీళ్లు మంచివో ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అత్తగారు పిల్లల మేలు కోరే అలా చేస్తున్నారు, కానీ పారబోయిస్తున్నవే ఎక్కువ నమ్మదగిన నీళ్లు. ట్యాంకు దగ్గర కలిపిన క్లోరిన్ దారిలో క్రిములను చంపగా ఇంకా కొంత మీ గుమ్మం దాకా మిగిలి వచ్చిందనడానికి ఆ కొద్దిపాటి వాసనే గుర్తు. తాగునీటికి దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కొళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి అనే క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు. అంత తక్కువ క్లోరిన్ ముక్కుకు తెలియకపోవచ్చు కనుక పరీక్షే దారి: డీపీడీ మాత్ర వేస్తే క్లోరిన్ ఉన్న నీరు గులాబి రంగుకు తిరుగుతుంది.

అసలు భయం నీళ్లు రాని ఇరవై రెండు గంటలది. ఒకసారి మీ ఇంటికి వచ్చే పైపు వెంట నడిచి చూడండి. అది మురుగు కాలువలోంచే వస్తూ, తుప్పు పట్టిన అతుకు దగ్గర ఎవరో సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంటే, పైపు ఖాళీ అయినప్పుడల్లా ఆ సందులోంచి మురుగు లోపలికి పోతుంది. కొళాయికి నేరుగా మోటారు బిగించిన ఇల్లు వీధిలో ఒక్కటున్నా అది మరింత బలంగా లాగుతుంది. పూరీలో 2021 నుంచి ఇరవై నాలుగు గంటలూ నీరు వదలడంలోని ప్రయోజనం ఇదే, పైపులో ఒత్తిడి ఎప్పుడూ తగ్గదు.

అంతవరకు, మొదట వచ్చే బురద నీటిని వాడుకకు వదిలి, తేటబడ్డాక పట్టండి. వానాకాలమంతా తాగే నీటిని తెర్లకాచి, మూత పెట్టి, చేయి ముంచకుండా కాడ గరిటెతో తీసుకోండి. విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్ పడుతూ, నీరసిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఒడిశా పట్టణాల్లో నీటి బిల్లులు వసూలు చేసే జలసాథి మహిళలు నీటి పరీక్ష కూడా చేస్తారు. మీ వీధికి వచ్చినప్పుడు, ట్యాంకుకు దగ్గరి ఇంట్లో కాకుండా వీధి చివరి ఇంట్లో, వాన పడిన మర్నాడు పరీక్ష చేయమని అడగండి. అతుకు గురించిన ఫిర్యాదును ఒడియాలో రాయించి, అందినట్లు సంతకం తీసుకోండి.