అలమరలో పట్టే కాంపాక్ట్ హైబ్రిడ్ గంజాయి రకం రాజమండ్రి అద్దె ఇంట్లో పెంచొచ్చా?

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో ఒకే కిటికీ ఉన్న అద్దె గది. రెండడుగులు దాటని హైబ్రిడ్ గంజాయి రకం ఒకటి నెట్‌లో చూశారు. చిన్న గుడారంలో ఎల్‌ఈడీ లైటు కింద పెరుగుతుందట, విత్తనాలు పోస్టులో వస్తాయట. ఒక్క మొక్కే కాబట్టి ఫర్వాలేదా, కుదరకపోతే ఆ జాగాలో ఇంకేం పెంచొచ్చు?

మాది కడియపులంక దగ్గర నర్సరీ. గంజాయి మేం పెంచలేదు, పెంచం. కానీ మొక్కను పొట్టిగా, గుబురుగా నిలబెట్టడం మా రోజువారీ పని కాబట్టి మీ ప్రశ్నలో రెండో సగానికి నా దగ్గర జవాబుంది. మొదటి సగం చట్టం సంగతి, అది ముందు చెప్పేస్తాను.

పెంచకూడదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 8వ సెక్షన్ గంజాయి మొక్క సాగునే నిషేధించింది. 20వ సెక్షన్ కింద సాగుకు పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. కిలో లోపైతే చిన్న కేసేలే అని కుర్రాళ్లు ధీమాగా మాట్లాడుతుంటారు. ఆ కిలో లెక్క దగ్గరున్న సరుకుకి, సాగుకి కాదు. ఇన్ని మొక్కల లోపు ఫర్వాలేదన్న వెసులుబాటు సాగు సెక్షన్‌లో లేదు. మీది అద్దె ఇల్లు అంటున్నారు కాబట్టి ఇంకోటి కూడా: తెలిసీ ఊరుకున్న ఇంటి ఓనరు మీదకి 25వ సెక్షన్ వస్తుంది. విత్తనాలు అమ్మేవాళ్లు 'గింజ గంజాయి కిందకి రాదు' అంటారు. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే, నిజమే. కానీ గింజ నాటితే అది సాగే అవుతుంది కదా! పైగా విత్తడానికి విదేశాల నుంచి ఏ విత్తనం తెప్పించాలన్నా దిగుమతి అనుమతి, అక్కడి క్వారంటైన్ సర్టిఫికెట్ ఉండాలి.

మీరు చూసిన ప్రకటన మనకోసం రాసింది కాదు. కెనడాలో 2018 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు మొక్కలు, జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకు తలా మూడు పెంచుకోవచ్చు. చలి దేశాలు, ఇరుకు ఫ్లాట్లు కాబట్టి అక్కడ పొట్టి రకాలకు గిరాకీ. కొండ ప్రాంతాల గుబురు గంజాయి ఇండికాను, ఉష్ణదేశాల పొడవాటి గంజాయి సటైవాను కలిపి ఈ హైబ్రిడ్లు తీస్తారు. కొన్నిట్లో మధ్య ఆసియా వైపు పెరిగే రుడెరాలిస్‌ను కూడా కలుపుతారు. అది పగలు రాత్రి లెక్క చూడదు, వయసు రాగానే పూస్తుంది. మిగతావి రాత్రి పొడవు పెరిగితేనే పూస్తాయి. చలికాలంలో పై ఆకులు ఎర్రబడే కుండీ మొక్క పాయిన్‌సెట్టియాది కూడా అదే గుణం. మా షెడ్డులో వీధిలైటు వెలుగు పడే చివరి వరస ఎప్పుడూ పచ్చగానే ఉండిపోతుంది, పక్క వరస ఎర్రబడి అమ్ముడైపోయినా సరే.

ఇక పొట్టితనం. ఇది మూడు దారుల్లో వస్తుంది. కొనేవాళ్లు ఏది ఏదో అడగరు, మాలో చాలామందిమి చెప్పం. ఒకటి పుట్టుకతో వచ్చేది, కణుపుల మధ్య దూరమే తక్కువ. రెండోది తల తుంచి, మంచి వెలుగులో ఉంచి సాధించేది. మూడోది మందు. మామిడి రైతులు వాడే కల్టార్ అనే పాక్లోబ్యూట్రజాల్‌ను, అలాంటివి ఇంకొన్నిటిని నర్సరీల్లో పూల కుండీలకూ వాడతారు. సాగడానికి మొక్క తయారుచేసుకునే హార్మోనును అది ఆపేస్తుంది. ఇంటికెళ్లిన కొన్నాళ్లకు మందు పట్టు వదులుతుంది, కిటికీ వెలుగేమో చాలదు, మొక్క తీగలా సాగుతుంది. 'ఇంకో మొక్క అంటగట్టారు' అని మాకు ఫోన్లు వస్తాయి. మొక్క అదే, మందే అయిపోయింది! అందుకే నర్సరీలో గుబురు మిరప చూసి ముచ్చటపడితే, ముందు కణుపులు చూడండి. కింద కణుపులు దూరంగా, పైవి మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటే మందు పడిందని అనుమానించాలి. కాయ తినాలనుకుంటే అలాంటిది కొనొద్దు.

మీ గదికి నేను చెప్పేది పుట్టు పొట్టి టమాటా. మైక్రోటామ్ అని ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు కుండీల కోసం 1989లో విడుదల చేశారు. జానెడు దాటదు. మొక్క పెరుగుదలకు కావలసిన ఒక హార్మోను తయారీలో పుట్టుకతోనే లోపం, అందుకే అంత చిన్నది. ల్యాబుల్లో ట్యూబులైటు కింద పరిశోధనలకు పెంచేది కూడా దీన్నే. సంకరంతో తీసినా స్థిరపడిన రకం కాబట్టి పండులోని గింజ దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. మార్కెట్లో దొరికే ఎఫ్1 (మొదటి తరం సంకరం) హైబ్రిడ్లతో ఆ సుఖం ఉండదు. రుచి మాత్రం అంతంతమాత్రం. పప్పులోకి వేద్దామనుకునేరు, కాయలన్నీ కలిపినా ఒక పూటకి చాలవు.

మన నేల మట్టి కుండీలో పోయకండి. డెల్టా ఒండ్రు తడిస్తే జిగురు, ఎండితే పెంకు. కోనసీమ కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతుంది, ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడిగి, మూడో వంతు వర్మీకంపోస్టు కలపండి. ఆరంగుళాల కుండీ చాలు. ఊదా రంగు లైట్ల జోలికి పోనక్కర్లేదు, తెల్లటి 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ మొక్క తలకు జానెడు పైన వేలాడదీసి, రోజుకి పద్నాలుగు గంటలు వెలిగించండి. మనకి అసలు టెన్షన్ తేమతోనే. వానాకాలంలో గదిలో బట్టలే ఆరవు, ఇక మూసిన అలమరలో మొక్కకి బూజు పట్టకుండా ఉంటుందా? తలుపు తీసే ఉంచి చిన్న ఫ్యాను ఆడించండి.

ఎండాకాలంలో మాత్రం మొదలెట్టకండి. రాత్రి కూడా గది వేడిగా ఉంటే టమాటా పూత రాలుతుంది. దసరా అయ్యాక గింజ పెడితే సంక్రాంతి ప్రాంతానికి పండ్లు ఎర్రబడతాయి. గదిలో గాలి ఉండదు కాబట్టి, పూత విప్పాక పొద్దున పది గంటల వేళ కాడను వేలితో టకటకా తట్టండి, పుప్పొడి రాలి కాయ పడుతుంది. ఆకు తిరగేసి తెల్లదోమ ఉందేమో వారానికోసారి చూడండి. కనపడితే పసుపు జిగురు అట్ట ఒకటి కుండీలో గుచ్చితే సరిపోతుంది, గదిలో మందు కొట్టొద్దు.