న్యూ హేవెన్‌లో బొగ్గు పొయ్యిలో కాల్చే పిజ్జా అంచులు నల్లగా ఎందుకుంటాయి? మాడిపోయిందా?

మాడిపోలేదు, అలాగే కాలుస్తారు. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఉన్న ఈ ఊళ్లో ఫ్రాంక్ పెపె అనే పిజ్జా హోటల్ 1925లో, సాలీస్ అనే ఇంకోటి 1938లో మొదలయ్యాయి. రెండూ వూస్టర్ స్ట్రీట్‌లోనే ఉన్నాయి.

అసలు కిటుకు బొగ్గులో ఉంది. కట్టెల్లో తేమ ఎక్కువ, అది ఆవిరిగా మారి పొయ్యిలో చేరుతుంది. ఆంథ్రసైట్ అనే గట్టి రకం బొగ్గులో తేమ తక్కువ, వేడి మాత్రం చాలా ఎక్కువ. ఆ పొడి వేడికి పల్చటి పిండి పైన త్వరగా ఆరి, కరకరలాడుతుంది. లోపల కాస్త సాగే గుణం మిగులుతుంది. అక్కడక్కడా నల్లటి మచ్చలు పడతాయి. ఆ చిరుచేదు టమాటా పులుపుతో కలిస్తేనే నిజమైన రుచి, దాన్ని గీకి పారేయకండి!

ఇంకో మాట: అక్కడ ప్లెయిన్ పిజ్జా అడిగితే మోజరెల్లా చీజ్ వేయరు. కావాలంటే విడిగా చెప్పాలి.